గుండీల బేరానికి దుబాసీ

ఆఫీసు ముందుగది

చి. సౌ. ఆడపడుచుకు వదిన ఆశీస్సులు.

డాక్టరమ్మ చెప్పినట్టు కాన్పు దాకా మంచం దిగకుండా ఉంటున్నావని మీ ఆయన చెప్పారు. నమ్మాలనే ఉంది. ఉత్తరం ఏమిటని నవ్వుకోకు. ఫోన్లో నీతో మాట్లాడితే నా వంతుకి 'ఊ' తప్ప ఏమీ మిగలదు. నా గొంతు వినపడక నువ్వు 'గట్టిగా చెప్పు వదినా' అంటే, చెప్పాలనుకున్నది కాస్తా మరిచిపోతాను. కాగితం మీదైతే నన్నెవరూ మధ్యలో ఆపలేరు. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. నువ్వు సెలవు తీసుకున్నాక గుండీల ఫ్యాక్టరీకి మొదటిసారి వేరే మనిషిని పంపాను కదా. ఓడల్లో పనిచేసి రిటైరైన మాస్టారిని. జపనీస్ నావికుల మధ్య సగం జీవితం గడిపినవారు, ఇంగ్లీషు శుభ్రంగా మాట్లాడతారు, చెప్పిన టైముకన్నా ముందే వచ్చి బెంచీ మీద కూర్చుంటారు. నాకు నిశ్చింతగానే ఉంది. కాఫీ చల్లారేలోగా ఫ్యాక్టరీ యజమాని నుంచి ఫోన్. నువ్వు ఆయనకి పెట్టిన పేరే రాస్తాను, కోపం తగ్గుతుంది. పెద్దగుండీ గారు అన్నది ఇది: "మీ మనిషి మా అతిథి నోట్లో లేని మాటలు పెడుతున్నాడు. నాలుగేళ్లుగా నాకు ఆ పెద్దమనిషి తెలుసు. ఆయన అలా మాట్లాడేవాడు కాదు." అతిథి ఏమన్నారని అడిగితే, తమ ఫ్యాక్టరీ గుండీలు సిగ్గుచేటుగా ఉన్నాయన్నారట.

సాయంత్రం ఆ జపాన్ అతిథి, మన కళ్లద్దాలాయన కూడా తన హోటల్ నుంచి, అక్కడి రిసెప్షన్ అమ్మాయి సాయంతో కబురు పంపాడు. ఫ్యాక్టరీ యజమాని ఇంతకుముందు ఎంతో మర్యాదస్తుడట, ఇప్పుడు మొండిగా జవాబులిస్తున్నాడట, దుబాసీని మార్చమంటున్నాడు. రెండు వైపులా తిట్లు తిన్నది మాత్రం ఓడ మాస్టారు. ఆయన తొణకలేదు. "నేను విన్నదే చెప్పానమ్మా" అని కాఫీ తాగి వెళ్లిపోయారు.

కళ్లద్దాలాయన ఇంకా రెండుసార్లు వస్తాడు. రెండోసారికి మూడేళ్ల ఆర్డరు ఇస్తాడో లేదో తేలిపోవాలి. ఇవ్వకపోతే వాళ్ల కొత్త షెడ్డు మూసేస్తారు. మనకొచ్చే పనిలో సగం ఆ ఫ్యాక్టరీదేనని నీకు తెలుసు. వాళ్లిద్దరితో నాలుగేళ్లు నెట్టుకొచ్చినదానివి, కిటుకేమిటో రాయి. దేవుడి దయవల్ల మీ అన్నయ్య మోకాలు నయం.

నీ వదిన

*

అత్తగారింట్లో, కిటికీ పక్క మంచం

వదినకు నమస్కారాలు.

పడుకునే రాస్తున్నాను కాబట్టి అక్షరాలు కూడా పడుకున్నట్టే ఉంటాయి, సర్దుకో. మంచం దిగడం లేదు. దిగితే మా అత్తగారు ఇల్లంతా వినపడేలా దగ్గుతారు. అది నాకు హెచ్చరిక.

నీ చిక్కు పెద్ద చిక్కేం కాదు. ఓడ మాస్టారు మంచివారే. కానీ గాలివానలో కేకలు వేసి బతికిన గొంతు అది. ఆ గొంతుతో 'కూర్చోండి' అన్నా 'లేచి పో' అన్నట్టే ఉంటుంది. పెద్దగుండీకి గొంతు మెత్తగా ఉండాలి. ఆడమనిషిని చూడు. నెమ్మదస్తురాలిని చూడు.

కళ్లద్దాలాయన్ని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టొద్దని చెప్పు, వెలుతురు పడితే చిరాకు. ఇద్దరి మధ్యా బల్ల మరీ వెడల్పుగా ఉండొద్దు. ఒకరు మాట ముగించాక దుబాసీ వెంటనే ఎత్తుకోకుండా ఒక్క గుక్క ఊపిరి తీసుకోమను. ఆ ఊపిరిలో సగం కోపం పోతుంది. అంతే. ఇంతకన్నా కిటుకేమీ లేదు.

మన దుబాసీలు నీకు దొరక్కపోతే ఎవరికి దొరుకుతారు వదినా. హైస్కూలు ఇంగ్లీషుతో కూర్చుని ఊరందరికీ జపనీస్ దుబాసీలని వెతికిపెట్టే మనిషివి నువ్వొక్కదానివే. నన్ను ఆ భాష నేర్చుకోమని అన్నయ్యతో వాదించింది కూడా నువ్వే. వాదించడమంటే, ఆయన మాట్లాడటం మానేసేదాకా ఎదురుగా ఊరికే నిలబడటం.

ప్రేమతో
నీ ఆడపడుచు

*

ఆఫీసు ముందుగది

చి. సౌ. ఆడపడుచుకు ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే వెతికాను. ఈసారి వచ్చినవాళ్ల సంగతి వింటే నీ నడుం నొప్పి కాసేపు మరిచిపోతావు. ఒకాయన జపనీస్ అంతా కార్టూన్లు చూసి నేర్చుకున్నాడు. యుద్ధం వస్తే పనికొస్తాడు, గుండీల బేరానికి కాదు. ఇంకొకాయన ఒప్పందం కాగితాలు ముత్యాల్లా తర్జుమా చేసిచ్చాడు. మనుషుల ముందు కూర్చుని చెప్పాలన్నాను. అవసరమైతే ఊరు మారిపోతాను గానీ ఆ పని చేయనన్నాడు. ఆయన్ని కాగితాలకి ఉంచుకున్నాను. రాసేవాళ్లు వేరు, నోటితో చెప్పేవాళ్లు వేరు అని పార్టీలకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

మిగిలినవాళ్లకి నా పరీక్షే పెట్టాను. జపనీస్ నాకు రాదు కాబట్టి నాకున్నది అదొక్కటే దారి. నేను ఇంగ్లీషులో ఒక చిన్న ముచ్చట చెబుతాను. ఒకరు దాన్ని జపనీస్‌లో చెప్పి ఫోన్లో రికార్డు చేస్తారు. వాళ్లెవరో తెలియని ఇంకొకరు అది విని మళ్లీ ఇంగ్లీషులోకి తెస్తారు. బయటికి పంపిన పిల్లలందరూ ఇంటికి తిరిగొచ్చారా అన్నట్టు, నా మాటలన్నీ తిరిగొచ్చాయా అని చూసుకోవడమే. ఈసారి చెప్పిన ముచ్చట: పక్కింటావిడ నా బకెట్ పగలగొట్టింది, కనీసం క్షమించమని కూడా అనలేదు. ఒకరి చేతిలోంచి తిరిగొచ్చేసరికి ఆవిడ నాకు కొత్త బకెట్ కొనిపెట్టింది. ఇంకొకరి దగ్గర బకెట్టే నా మీద పడింది. ఒక టీచరమ్మ దగ్గర మాత్రం పగిలిన బకెట్టూ, అనని క్షమాపణా రెండూ క్షేమంగా తిరిగొచ్చాయి. గొంతు కూడా నీకు కావలసినట్టే వెన్న.

ఆవిడనే పంపాను. అనుమానం తీరక నేనూ వెళ్లి గోడవారగా కూర్చున్నాను. బల్ల, కిటికీ, ఊపిరి, అన్నీ నువ్వు చెప్పినట్టే జరిపించాను.

అమ్మాయ్, గొంతు వెన్నైనా మాట అదే. కళ్లద్దాలాయన ఒక గుండీ తీసి బల్ల మీద పెట్టి నెమ్మదిగా ఏదో అన్నాడు. టీచరమ్మ అంతే నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పింది. అది నాకూ అర్థమైంది: "ఈ కన్నాల అంచు గరుకుగా ఉండి దారాన్ని కోసేస్తోంది. మా కోట్ల గుండీలు రోడ్ల మీద రాలిపోతున్నాయి. నాలుగేళ్లుగా ప్రతిసారీ ఇదే చెబుతున్నాను. ఈయన ఎందుకు వినడు?"

పెద్దగుండీ గారు ఎర్రబడిపోయి, ఆ మాట తనకెవరూ ఒక్కసారి కూడా చెప్పలేదన్నారు. ఆయన అబద్ధం ఆడటం లేదు. నాకు ఆయన మొహం కనపడుతూనే ఉంది. కళ్లద్దాలాయనదీ అబద్ధం కాదు.

మరి ఆ మాట నాలుగేళ్లు ఎక్కడికి పోయినట్టు? తప్పు పట్టడానికి అడగడం లేదు. నేనెప్పుడూ నీకు బకెట్ పరీక్ష పెట్టలేదు, పెట్టాలని కూడా తోచలేదు. ఏం జరిగిందో నువ్వే చెప్పు.

నీ వదిన

*

కిటికీ పక్క మంచం

వదినా,

సరే, చెబుతాను. సిగ్గుపడి చెప్పడం లేదు, అది ముందే రాసుకో.

మొదటిరోజు సంగతి విను. ఆ దేశంవాళ్లంతా వంగి వంగి మర్యాదగా మాట్లాడతారని జనం అనుకుంటారు. ఈయన ఒక్కడూ ఆ బడికి వెళ్లలేదు. మొట్టమొదటి గుండీ చేతిలోకి తీసుకుని, దీనికన్నా పళ్లతో కొరికి కన్నం పెడితే బాగుంటుందన్నాడు. నేను పెద్దగుండీ వైపు తిరిగి, అంచు ఇంకాస్త నునుపుగా ఉంటే బాగుంటుందంటున్నారు అన్నాను. పెద్దగుండీ ఏమన్నాడో తెలుసా? నచ్చకపోతే తన కోట్లని తాళ్లతో కట్టుకోమను అన్నాడు. నేను ఈవైపు తిరిగి, మీ సూచన మనసులో పెట్టుకుంటామంటున్నారు అన్నాను. ఇద్దరూ నవ్వుకున్నారు, చేతులు కలుపుకున్నారు. ఆ రోజే మొదటి ఆర్డరు వచ్చింది.

నేను ఉన్నమాట ఉన్నట్టు చెప్పి ఉంటే ఆ తలుపు ఆ రోజే మూసుకునేది. ఫ్యాక్టరీకి కొత్త షెడ్డూ ఉండేది కాదు, మన ఆఫీసుకి రెండో ఫ్యానూ ఉండేది కాదు. నాలుగేళ్లు ఇద్దరు ముక్కోపుల్ని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాను. ఇద్దరూ ఒకరి గురించి ఒకరు ఎంత బాగా చెప్పుకునేవారో నువ్వే విన్నావు. ఆ మంచి పేరు ఎవరు కుట్టారనుకున్నావు?

ఇది నాకు ఏ కోర్సులోనూ నేర్పలేదు. నీ దగ్గరే నేర్చుకున్నాను. నా పెళ్లి నచ్చక అమ్మ నాతో మాట మానేస్తే, ఉన్నన్నాళ్లూ ఆవిడ మాట నాకూ నా మాట ఆవిడకీ మోసింది నువ్వే కదా. అమ్మ 'ఇంకా బతికే ఉందా' అని అడిగితే, నా దగ్గరికొచ్చేసరికి అది 'ఒంట్లో ఎలా ఉందని అడిగారు' అయ్యేది. నాకు తెలియదనుకోకు. అమ్మ నోటి నుంచి అంత మర్యాదైన వాక్యం రాదు. అప్పుడు అది పుణ్యమైతే ఇప్పుడు ఇది పాపం ఎలా అయింది?

ఇంకో సంగతి. ఆ ఆఖరి సమావేశాన్ని వాయిదా వేయించు. బిడ్డ పుట్టాక నేనొచ్చి కూర్చుంటాను. మళ్లీ అన్నీ సర్దుకుంటాయి.

ఆడపడుచు

*

దేవుడి గది పక్క బల్ల

అమ్మాయికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, దేవుడి ముందు పెట్టి దండం పెట్టుకుని, ఇప్పుడు రాస్తున్నాను. అంటే కోపంతో రాయడం లేదని అర్థం.

మీ అమ్మ, అదే మా అత్తయ్య సంగతి నిజమే. మాట మార్చాను. మళ్లీ ఆ రోజులొస్తే మళ్లీ మారుస్తాను. 'ఇంకా బతికే ఉందా' అన్నప్పుడు ఆవిడ గొంతులో ఉన్నది నీకు తెలియదు, నాకు తెలుసు. నువ్వు గుమ్మంలోకి వచ్చిపోయిన రోజు ఆవిడ అన్నం ముట్టేది కాదు. నోటి మాట వదిలేసి లోపలి మాట తెచ్చాననుకో. ఆవిడకి నీ నుంచి కావలసింది నువ్వు బాగున్నావన్న కబురే. అది చేరింది.

కళ్లద్దాలాయనకి కావలసింది మర్యాద కాదు, నున్నటి అంచు. మెత్తటి మాటతో మనసు సర్దుకుంటుంది గానీ గుండీ అంచు అరగదు. నువ్వు 'మనసులో పెట్టుకుంటాం' అన్నావు చూడు, పాపం ఆయన దాన్ని మాట ఇవ్వడమనుకున్నాడు. నాలుగేళ్లు ఎదురుచూశాడు. పెద్దగుండీ గారు అంతా బాగుందనుకుని అదే మిషన్ మీద ఇంకో షెడ్డు వేశారు. ఇప్పుడు ఆయన మాట తప్పే మనిషి, ఈయన ఉన్నట్టుండి మారిపోయిన మనిషి. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరి మీదా నింద పడింది. అది వాళ్లు చేసుకున్నది కాదు.

వాయిదా వేయించను. బిడ్డ పుట్టాక నువ్వొచ్చి మళ్లీ తేనె పూస్తే, రోడ్ల మీద గుండీలు రాలుతూనే ఉంటాయి. మూడేళ్ల ఆర్డరు అలా నిలబడదు.

సమావేశానికి ముందు వాళ్లిద్దరికీ నిజం చెప్పాలని నా మనసు చెబుతోంది. కానీ అది నీ మాట, నీ పేరు. నువ్వు ఒప్పుకోకుండా నా నోరు తెరవను. ఆలోచించుకుని రాయి. మంచం మాత్రం దిగకు.

వదిన

*

కిటికీ పక్క మంచం

వదినా,

చెప్పుకో. అందరికీ చెప్పు. మా ఆడపడుచు మాటలు మార్చే రకం అని బోర్డు మీద రాయించు. ఈ పనిలో దుబాసీకి ఉన్నదల్లా నమ్మకమొక్కటే, అది పోతే ఇక నన్నెవరు పిలుస్తారు? బిడ్డని ఒళ్లో వేసుకుని ఇంట్లో కూర్చుంటాను. అప్పుడు అందరికీ శాంతి.

పైది రాసి దిండు కింద పెట్టాను. పోస్ట్ చేయమని ఈయనకి ఇవ్వలేదు. రెండు రోజులుగా దాని మీద తల పెట్టుకుని పడుకుంటున్నాను, మెడ పట్టేసింది.

నిన్న ఈయన చొక్కా గుండీ ఊడిందని మా అత్తగారు నా పక్కన కూర్చుని కుడుతున్నారు. ఆవిడ దారం కొరకడం చూస్తూ ఉంటే, ఎక్కడో ఎవరో నడుస్తూ ఉండగా కోటు గుండీ రాలిపోయి, వెనక్కి తిరిగి వెతుక్కుంటున్నట్టు కళ్లకి కట్టింది. ఆ మనిషికి నేనెవరో తెలియదు. నాలుగేళ్లుగా నేను ఆ ఇద్దరి మొహాలే చూశాను వదినా. కోటు తొడుక్కున్నవాళ్ల వైపు చూడలేదు.

కాబట్టి నువ్వు చెప్పొద్దు. నేనే చెబుతాను. ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మధ్యలో పెట్టు. మంచం మీద పడుకుని మాట్లాడటానికి డాక్టరమ్మ అడ్డు చెప్పలేదు, ఎలాగూ మాట్లాడకుండా ఉండనని ఆవిడకీ తెలిసిపోయింది. మొదట నేను చేసింది రెండు భాషల్లోనూ చెబుతాను. ఆ తర్వాత వాళ్లేమంటే అది. పక్కన ఓడ మాస్టారిని కూర్చోబెట్టు. నేను ఎక్కడైనా మాట తగ్గించినా పెంచినా బల్ల మీద ఒక్క దెబ్బ వేయమను. ఫోన్లో నాకు ఆయన చెయ్యి కనపడదు కదా.

ఆ దెబ్బకి భయంగా ఉంది. అయినా పెట్టు.

నీ ఆడపడుచు

*

ఆఫీసు ముందుగది

చి. సౌ. ఆడపడుచుకు ఆశీస్సులు.

నువ్వు విన్నావు గానీ చూడలేదు. అందుకే చూసింది రాస్తున్నాను.

నువ్వు చెప్పడం మొదలుపెట్టినప్పుడు పెద్దగుండీ గారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. 'నాలుగేళ్లుగా నేను మీ మాటలు తగ్గించి చెప్పాను' అని నువ్వు అన్నాక ఫోన్ వైపు వంగారు, అందులోంచి నువ్వు బయటికి వస్తావన్నట్టు. నువ్వు జపనీస్‌లో చెబుతుంటే కళ్లద్దాలాయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకోలేదు.

ఆ తర్వాత పళ్లతో కొరికిన కన్నం, తాళ్లతో కట్టుకునే కోట్లు, ఒక్కొక్కటే మక్కీకి మక్కీగా చెప్పావు. దాని తర్వాతి నిశ్శబ్దం నీకు పొడుగ్గా అనిపించి ఉంటుంది. ఆ సమయంలో పెద్దగుండీ గారు తన చొక్కా చేతి దారం ఒకటి లాగి, బల్ల మీది గుండీలోంచి దూర్చి, ముందుకీ వెనక్కీ లాగుతున్నారు. తెగింది. ఇంకోటి లాగారు. అదీ తెగింది. అప్పుడాయన షెడ్డు మేస్త్రీకి కబురు పెట్టారు. నువ్వు 'వదినా, ఉన్నారా' అని అడిగింది అప్పుడే.

అంచు రుద్దే మిషన్ ఇంకోటి పెట్టాలని మేస్త్రీ చెప్పడం, దానికి ఎంత సమయం పడుతుందన్న పోట్లాట నువ్వు విన్నదే. అబ్బ, ఎంత పోట్లాడుకున్నారు. నాలుగేళ్ల బాకీ అంతా తీర్చుకున్నారు. ఓడ మాస్టారి చెయ్యి బల్ల మీదే ఉంది గానీ ఒక్కసారి కూడా లేవలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

నువ్వు ఫోన్ పెట్టేశాక జరిగింది ఇది. పెద్దగుండీ గారు నీ మాట ఎత్తి, "ఆవిడ నాకొద్దమ్మా. ఆవిడ గొంతు వింటే నాకు కోపం రాదు. అదే ప్రమాదం" అన్నారు. ఆయనకి ఓడ మాస్టారు కావాలట. ఇది ఎలా చెప్పాలా అని దారంతా ఆలోచించాను. కిందటి నెలైతే కాస్త చక్కెర వేసేదాన్ని.

కళ్లద్దాలాయన ఓడ మాస్టారి ద్వారా ఇంకోటి అన్నాడు. ఇకమీదట ఎవరి దుబాసీ వాళ్లకి ఉండాలట, ఒకరి మాట ఇంకొకరు కనిపెట్టుకుని ఉండాలట. పెద్ద బేరాల్లో అలాగే చేస్తారట. మీ వైపు ఎవరు కావాలని మాస్టారు ఆయన్ని అడిగారు. నువ్వే కావాలన్నాడు. "నా మాట మోసే మనిషి నా కోపం కూడా మోయాలి. ఇవాళ మోసింది" అన్నాడని మాస్టారు చెప్పారు. ఆయన చెప్పారంటే అన్నట్టే.

మూడేళ్ల ఆర్డరు మీద ఇంకా సంతకం కాలేదు. కొత్త అంచులతో చేసిన సరుకు ముందు చూస్తాడట. నచ్చితే ఆ రోజే సంతకం. ఆ రోజు నేను వెళ్లడం లేదు. ఆసుపత్రికి ఒక దుబాసీ కావాలని వచ్చారు, ఆ వెతుకులాటలో ఉంటాను. నువ్వూ మాస్టారూ చూసుకోండి.

ఒక బేరానికి ఒక్కరిని పంపేదాన్ని, ఇప్పుడు ఇద్దరిని పంపాలి. దేవుడు ఏ దారిన ఇస్తాడో చెప్పలేం.

నీ వదిన

*

కిటికీ పక్క మంచం

వదినకు నమస్కారాలు.

ఫోన్ చేస్తే సగంలో నేనే ఏడ్చేస్తానేమో అని ఉత్తరమే రాస్తున్నాను. బాధతో కాదులే.

ఇవాళ సరుకు చూపించారు. అత్తగారు నా వీపు వెనక మూడో దిండు కూడా పెట్టి, తలుపు దగ్గరగా వేసి, వాకిట్లో ఎవరినీ మాట్లాడనివ్వలేదు. నేను కళ్లు మూసుకుని విన్నాను. గుండీలు బల్ల మీద పోసిన చప్పుడు. కళ్లద్దాలాయన దారం లాగి చూస్తున్నాడని మాస్టారు నెమ్మదిగా చెప్పారు.

పోట్లాట మామూలే. రంగు తేడా ఉందన్నాడు, ఉన్నట్టే చెప్పాను. పెట్టెలు పేర్చడం రాదా అన్నాడు, అదీ చెప్పాను. పెద్దగుండీ ఆయన్ని ఏమన్నాడో రాయను గానీ, మాస్టారు దాన్ని కూడా ఒక్క చుక్క ఒలకకుండా అటువైపు దించారు. నాకు నవ్వొచ్చింది. చెమటా పట్టింది. తీపి ఎక్కడైనా అంటుకుందేమో అని ప్రతి మాటనీ నాలుక మీదే ఒకసారి తుడిచి పంపుతున్నాను.

చివరికి కళ్లద్దాలాయన ఒక గుండీ చేతిలో ఉంచుకుని ఒక మాట అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను: "ఇది పనికొస్తుందంటున్నారు."

టక్కుమని బల్ల మీద దెబ్బ.

వదినా, ఇన్నాళ్లూ పడని దెబ్బ, సంతకం రోజున పడింది. ఎక్కడ పూశాను తేనె అని వెనక్కి వెతుక్కుంటున్నాను, నాకేమీ దొరకడం లేదు. అటునుంచి పెద్దగుండీ కుర్చీ జరిపిన చప్పుడు. మళ్లీ మొదలెట్టిందా అన్నాడు.

ఓడ మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆ గాలివాన గొంతుతోనే, అందరికీ వినపడేలా అన్నారు. "పెంచలేదండీ. ఈసారి తగ్గించింది. ఆయన అన్నది ఇది: ఈ గుండీని నా సొంత కోటుకి నేనే కుట్టుకుంటాను. ఇలాంటిది చూసి చాలా ఏళ్లయింది. చేసిన చేతుల్ని చూడాలని ఉంది, షెడ్డులోకి తీసుకెళ్తారా?"

ఆ తర్వాత కుర్చీలు జరిగాయి. అందరూ లేచారు. ఫోన్ బల్ల మీదే ఉండిపోయింది, నన్నెవరూ ఆపమని చెప్పలేదు. వాళ్ల అడుగులు షెడ్డు వైపు వెళ్తుంటే, మాస్టారు మాత్రం వెనక్కి వచ్చి ఫోన్ అందుకున్నారు. "సంతకం కాగితం నా జేబులో ఉందమ్మా, నడుస్తూ చేస్తారట. నువ్వూ రా" అని ఫోన్ని చేతిలో పట్టుకుని నన్ను కూడా లోపలికి తీసుకెళ్లారు.

ప్రేమతో
నీ ఆడపడుచు